మర్యాద అంటే గెట్టు.. అది రెండు దిక్కులా ఉండాలె

"నీకు మర్యాద తెల్వదురా" అనే మాట పడని పోరడు మన ఊర్లల్ల ఉండడు. ఆడపిల్లలకైతే ఇంకా రెండింతలు పడ్తది. కానీ ఈ మాట ఎప్పుడెప్పుడు వస్తదో ఓసారి లెక్కేయుర్రి. బస్సుల ఫోన్ పాటలు గట్టిగ పెడితే వస్తది. ముసలవ్వ నిలబడి ఉన్నా సీటు ఇయ్యకపోతే వస్తది. బరాబరే, రావాలె. కానీ గ్రామసభల "ఆ పైసలు దేనికి ఖర్చు పెట్టిన్రు?" అని అడిగినా అదే మాట. పెద్దింటి ముంగటికెల్లి బండి దిగకుంట పోయినా అదే మాట. పెద్దమనిషి వచ్చినప్పుడు కుర్సీల నుంచి లేవకపోయినా అదే మాట. ఆడపిల్ల "నాకీ సంబంధం వద్దు" అన్నా అదే మాట.

మొదటి రెండిటికీ, తర్వాతి నాలుగిటికీ అసలు సంబంధమే లేదు. మొదటి రెండిట్ల పక్క మనిషికి ఇబ్బంది అయితున్నది. తర్వాతి నాలుగిట్ల ఎవలకూ ఏ నష్టం లేదు. ఒకని పెద్దరికానికి మాత్రం దెబ్బ తగుల్తున్నది. రెండు వేరే వేరే సంగతులకు ఒకటే పేరు పెట్టిన్రు. మన తిప్పలంత ఆడనే ఉన్నది. అందుకే ఈ రెండిటిని జర విడదీసి చూద్దాం.

మాట ఏడికెల్లి వచ్చింది?

మర్యాద అనేది సంస్కృతం నుంచి మన భాషలకు వచ్చిన మాట. దాని పాత అర్థం హద్దు, పొలిమేర, ఒడ్డు. మన రైతు భాషల చెప్పాలంటే గెట్టు.

గెట్టు అంటే మనకు ఎవలూ పాఠం చెప్పే పని లేదు. నీ మడికీ నా మడికీ నడుమ ఉంటది. నేను ట్రాక్టర్‌ను నీ దిక్కు జరుపొద్దు, నువ్వు నా దిక్కు జరుపొద్దు. రెండెకరాలోడైనా, ఇరవై ఎకరాలోడైనా గెట్టుకాడ ఒకటే లెక్క. చిన్నరైతు మాత్రమే గెట్టు కాపాడాలె, పెద్దరైతు ఏటేటా చెక్కుకుంట రావొచ్చు అంటే దాన్ని గెట్టు అనం. కబ్జా అంటం.

మర్యాద కూడా గంతే. నీ మనసు, నీ ఒళ్లు, నీ పేరు, నీ ఇల్లు, నీ టైమ్ — వీటి చుట్టూ ఒక గెట్టు ఉంటది. నేను దాటొద్దు. నాకూ అసొంటి గెట్టే ఉంటది. నువ్వు దాటొద్దు. ఇద్దరూ కాపాడితే అది మర్యాద. ఒక్కడే కాపాడి, ఇంకొకడు తొక్కుకుంట తిరిగితే అది పెత్తనం.

మనకు మర్యాద కొత్తగ నేర్పే పని లేదు

సిటీల ఇంటర్వ్యూకు పోయిన మన పిల్లలు ఒక మాట పట్టుకొని వాపస్ వస్తరు: "మనకు మ్యానర్స్ రావు". ప్లీజ్, సారీ, థాంక్యూ అనుడు, చెంచాతోటి తినుడు, చెయ్యి కలుపుడు, గివ్వే మర్యాద అనుకుంటున్నరు. నేర్చుకోవాలె, తప్పు లేదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి తొవ్వ తెల్సుకునుడు మంచిదే. కానీ అవి రానోనికి మర్యాదే రాదు అనుడు శుద్ధ అబద్ధం.

మన ఇండ్లల్ల మాటలు చూడుర్రి. గడప దాటేటోడు "పోత" అనడు, "పోయొస్త" అంటడు. ఇంట్లున్నోళ్ల మనసుల పీకులాట పెట్టొద్దని ఆ "వస్త" అనే ముక్క కలిపిన్రు. అదే చావు ఇంటికి పోయినప్పుడు, తిరిగొచ్చేటప్పుడు "పోయొస్త" అనరు. ఇసొంటి పనికి ఈ ఇంటికి మళ్ల రావొద్దని సప్పుడు చేయకుంట లేచొస్తరు. ఒక్క మాటను ఏడ అనాలె, ఏడ అనొద్దు అనే తెలివి అది.

తొవ్వల ఎదురైన మనిషిని "ఎక్కడికి?" అని అడగరు, "ఎంత దాక?" అంటరు. ఆయన చెప్పాలనుకుంటే పూరా చెప్తడు. చెప్పొద్దనుకుంటే "గీడిదాకనే" అని పోతడు. ఎదుటోని గుట్టు కాపాడే సందు ఆ ప్రశ్నల్నే ఉన్నది. ఇంట్ల బియ్యం అయిపోతే "అయిపోయినయి" అనరు, "నిండుకున్నయి" అంటరు. దీపం ఆరింది అనరు, "కొండెక్కింది" అంటరు. ఇంటికొచ్చినోనికి ముందుగాల చెంబెడు నీళ్లు ఇస్తరు, సంగతి తర్వాత అడుగుతరు. "తిన్నవా?" అని అడుగుడు మన దగ్గర నమస్తే కంటే పెద్దది. మేలు చేసినోనికి మన ముసలోళ్లు థాంక్స్ చెప్పరు. "సల్లగుండు బిడ్డా" అంటరు. ఏ కోచింగ్ సెంటర్ల నేర్పుతరు గీ మాట?

వీటన్నిట్ల ఉన్న సూత్రం ఒకటే. మాట నోట్లకెల్లి వచ్చేముందు అది ఎదుటి మనిషికి ఎట్ల తగుల్తదో చూసుకునుడు. మర్యాద అంటే దేశమంతట, లోకమంతట గిదే. పద్ధతులు ఊరికొక తీరుగ మారుతయి, సూత్రం మారది.

"నువ్వు" అంటే అమర్యాదనా?

తెలంగాణ పల్లెల్ల నాయినను, తాతను "నువ్వు" అనే పిలుస్తం. "నాయినా, నువ్వు తిన్నవా?" అంటే అండ్ల ఇజ్జత్ తక్కువ లేదు, దగ్గరితనం ఎక్కువున్నది. కోస్తా దిక్కు "అండీ" అని సాగదీసి పిలుస్తరు. అది వాళ్ల తీరు, అది కూడా మంచిదే. కానీ ఒకల తీరును గీటురాయి పెట్టి ఇంకొకలను కొలిస్తెనే లొల్లి. మన సినిమాలు ఏండ్లకేండ్లు అదే పని చేసినయి. హీరోకు ఒక భాష, రౌడీకి, నవ్వులాటోనికి మన యాస. గట్ల చూసి చూసి మన యాసల మాట్లాడుడే మోటతనం అని మనోళ్లే నమ్మిన్రు.

ఈ రోగం కొత్తది కాదు. 1921ల హైదరాబాద్‌ల ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అండ్ల అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడబోతే, సభల ఉన్న సదువుకున్నోళ్లు గేలి చేసి, అల్లరి పెట్టి కూసోబెట్టిన్రు. సంఘాన్ని బాగు చేస్తం అని కూడినోళ్లకు తోటి మనిషి మాట వినే మర్యాద లేకపాయె. ఆ అవమానం కెల్లే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయింది. ఒక అమర్యాద నుంచి ఒక ఉద్యమమే నడిచిందన్నమాట.

కాబట్టి "నువ్వు"ల తప్పు లేదు, "మీరు"ల గొప్ప లేదు. ఎవలు ఎవలను ఏమంటున్నరు, తిరిగి ఏమనిపించుకుంటున్నరు అనేదే చూడాలె. తాత నన్ను నువ్వంటడు, నేను తాతను నువ్వంట. లెక్క సరిపాయె. కానీ ఇరవై ఏండ్ల పటేల్ కొడుకు అరవై ఏండ్ల కూలి మనిషిని "ఏరా" అంటడు, ఆ పెద్దమనిషి ఆ పోరన్ని "అయ్యా" అంటడు. ఇగో గిక్కడ లెక్క తప్పింది.

భయానికి పెట్టిన ముద్దుపేరు

మన తాతల కాలంల గడీ ముంగట నడిచేటోడు చెప్పులు చేతుల పట్టుకోవాలె, రుమాలు తలకెల్లి తియ్యాలె. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనాలె. బాంచన్ అంటే బానిస అనే. అన్ననోడు దెబ్బలు తిన్నడు. ఇండ్లల్ల పెట్టిన పేరు ఎల్లయ్య, మల్లయ్య, పోశయ్య. దొర నోట్ల అది ఎల్లిగాడు, మల్లిగాడు, పోశిగాడు. అమ్మ నాయిన పెట్టిన పేరుల సగం కోసి పడేసే అధికారం కూడా వానిదే. కైకిలి ఇయ్యకుంట చేయించుకునే పనికి వెట్టి అని పేరు పెట్టిన్రు, దాన్ని కూడా "పద్ధతి" అన్నరు, "ఆనవాయితీ" అన్నరు. ఎదురు మాట్లాడితే "మర్యాద తెల్వనోడు" అన్నరు.

గీ "మర్యాద"నే సంగమోళ్లు తిరగేసిన్రు. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య తూటాకు బలైనంక తెలంగాణ పల్లెలు లేచినయి. ఆ పోరాటం అనంగనే మనకు భూమి గుర్తుకొస్తది, తుపాకి గుర్తుకొస్తది. వాటితోని పాటు నెత్తి ఎత్తి నడిచే హక్కు కోసం కూడా కొట్లాడిన్రు. "బాంచన్" అన్న నోళ్లే ఎదురు ప్రశ్న అడిగినయి.

పేరు సంగతి కూడా కొట్లాడే తెచ్చుకున్నరు. 1917ల బెజవాడల పంచములు అనే పేరు మీద ఒక సభ పెట్టిన్రు. అధ్యక్షుడు హైదరాబాద్‌కెల్లి పోయిన భాగ్యరెడ్డి వర్మ. మేం ఐదో కులం కాదు, ఈ నేల మొదటి మనుషులం అని ఆ సభనే ఆది ఆంధ్ర సభగ పేరు మార్చుకున్నది. మమ్ముల ఏమని పిలవాల్నో మేం చెప్తం, మీరు గట్ల పిలవాలె — మర్యాదల మొదటి పాఠం గిదే.

"మర్యాద తప్పిండు" అని పానాలు తీసిన్రు

ఇది తాతల నాటి ముచ్చటే అనుకోకుర్రి. 1985ల ప్రకాశం జిల్లా కారంచేడుల తాగే నీళ్లను పాడు చేయొద్దని దళితులు అడిగిన్రు. అడుగుడే నేరమైంది. జూలై 17న ఆరుగురిని చంపిన్రు. 1991ల గుంటూరు జిల్లా చుండూరుల సినిమా హాల్ల కాలు తగిలిందన్న కాడ గొడవ మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన్రు. కాలు తగిలితే "జర చూసుకో అన్నా" అని, "తగిలింది, ఏమనుకోకు" అని అయిపోయే ముచ్చట. మర్యాద ఇద్దరి నడుమ ఉంటే గంతే అయితది. అది ఒక దిక్కే ఉన్నకాడ మనుషుల పానాలు పోతయి.

అందుకే చట్టం రాయాల్సి వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అందరికీ అన్నది. 1955ల వచ్చిన చట్టం — ఇప్పుడు దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టం — హోటల్ల అందరికీ పెట్టిన గిన్నెలు, గ్లాసులు అంటరానితనం పేరుతోని ఒకరికి ఇయ్యననుడు నేరం అన్నది. మన చాయ్ హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టం వచ్చినంక కూడా నడిచింది. ఇప్పుడు పేపర్ కప్పు వచ్చి గ్లాసుల లొల్లిని దాచిపెట్టింది. మనసుల ఉన్న రెండో గ్లాసు పోయిందా లేదా అనేది ఎవల మటుకు వాళ్లు చూసుకోవాలె.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించిన్రు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లకు వచ్చింది. అండ్ల ఏం రాసిన్రో తెలుసా? ఎస్సీ, ఎస్టీలు పదిమంది తిరిగే కాడ సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కుతుంటే, చెప్పులు తొడుక్కుంటే, కొత్త బట్టలు కట్టుకుంటే, పెండ్లి ఊరేగింపు తీస్తే అడ్డుకునుడు నేరం అని. చెప్పులు తొడుక్కునే హక్కును దేశ పార్లమెంటు కూసోని రాయాల్సి వచ్చిందంటే, "మర్యాద" పేరు మీద ఎంత పెద్ద కబ్జా నడిచిందో సమజ్ చేసుకోవాలె.

తిరగేసి చూడు

మరి ఏది అసలు మర్యాద, ఏది పెత్తనం? పట్టుకునేందుకు మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి: తిరగేస్తే నిలబడ్తదా? నేను ఆయనకు చేసేది, రేపు నా జాగల ఆయన ఉంటే నాకు చేస్తడా? ముసలోళ్లకు సీటిచ్చుడు తిరగేసి చూడు. వయసు అందరికీ వస్తది. ఇయ్యాల నువ్వు లేచిచ్చిన సీటు, రేపు ఇంకొకడు నీకు ఇస్తడు. నిలబడ్డది. పెద్దకులపోడు వస్తే లేచి నిలబడుడు తిరగేసి చూడు. కులం వయసు లెక్క మారది. నువ్వు పోతే ఆయన ఎన్నడూ లేవడు. నిలబడలే. అది మర్యాద కాదు.

రెండు: చేయకుంటే ఏమైతది? సీటు ఇయ్యకపోతే నలుగురు నాలుగు మాటలంటరు, సిగ్గయితది, గంతే. కానీ చేయకుంటే కొడ్తరు, పని బందు పెడ్తరు, కులం నుంచి వెలేస్తరు అంటే అది మర్యాద కాదు, జులుం. మర్యాదకు కట్టె పట్టుకునే పని ఉండదు.

మూడు: దేన్ని కాపాడుతుంది? ఎదుటి మనిషి మనసునా, ఎదుటి మనిషి పెత్తనాన్నా?

ఇంట్లకెల్లే మొదలువెట్టాలె

ఈ మూడు ప్రశ్నలు ఇంట్ల అడిగితే చానామందికి గొంతుల ముద్ద అడ్డం పడ్తది. పెండ్లాం మొగని పేరు తీసి పిలవొద్దు, ఆయన మాత్రం "ఏమే", "ఒసేయ్" అనొచ్చు. ఆయన తిన్నంక ఆమె తినాలె, ఆయన ప్లేట్ ఆమె తియ్యాలె. బిడ్డ గట్టిగ నవ్వితే మర్యాద పోతది, కొడుకు రాత్రి పన్నెండింటికి వచ్చినా పోదు. తిరగేసి చూడుర్రి, ఒక్కటి కూడా నిలబడది. ఆడోళ్ల గౌరవానికి భంగం చేసే ఆచారాలు వదిలేసుడు మన రాజ్యాంగం 51-ఎ లో ప్రతి మనిషికి రాసిపెట్టిన బాధ్యత. అది ఎవలో వచ్చి చేసే పని కాదు, తిన్న ప్లేట్ నువ్వే కడుక్కుంటే మొదలైతది.

ఆఫీసుల చేతులు కట్టుకునే పని లేదు

తాసిల్ ఆఫీసుకు పోతే మన నాయినలు ఇప్పటికీ చెప్పులు బయట ఇడిచి, చేతులు కట్టుకొని నిలబడ్తరు. అది వాళ్ల తప్పు కాదు, పాత భయం ఇంకా ఒంట్ల ఉన్నది. కానీ నువ్వు తెల్సుకోవాలె. "సార్, నా దరఖాస్తు ఏడిదాక వచ్చింది? రాతపూర్వకంగ చెప్పుర్రి" అని నిమ్మలంగ అడుగుడు అమర్యాద కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఎందుకు అడుగుతున్నవో కారణం చెప్పే పని కూడా లేదు. కలెక్టరేట్ల ప్రజావాణికి పోయి కాయితం ఇచ్చినా అంతే, అది బిచ్చం అడుగుడు కాదు.

అట్లని అటెండర్ మీద ఒర్రుడు, కంప్యూటర్ ముంగట కూసున్న పిల్లను బూతులు తిట్టుడు ధైర్యం కాదు. మాట మెత్తగ, ప్రశ్న గట్టిగ. గీ రెండు ఒక్క నోట్ల ఉంటయి, ఉండాలె.

ఫోన్ల కూడా గెట్టు ఉన్నది

ఊరి వాట్సాప్ గ్రూపులు ఇప్పుడు మన కొత్త రచ్చబండలు. ఎవల ఫొటో వాళ్లను అడగకుంట పెట్టుడు, ఆడపిల్ల డీపీ తీసి తిప్పుడు, యాక్సిడెంట్ల పోయిన మనిషి శవం వీడియో ఇంటోళ్లకు తెల్వకముందే ఫార్వర్డ్ కొట్టుడు — ఇవి గెట్టు చెక్కుడే. చావు ఇంట్ల "పోయొస్త" అనే మాట కూడా ఆపుకున్న ఊరి బిడ్డలం, శవం ఫొటో పెట్టేముందు చెయ్యి ఆపుకోలేమా? కోపమొస్తే ఎదుటోని అమ్మను, అక్కను తిట్టుడు కూడా అసొంటిదే. పంచాది ఇద్దరు మొగోళ్లది, బూతు మాత్రం ఇంట్ల కూసున్న ఆడమనిషికి.

డీజే సంగతి కూడా గంతే. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక లౌడ్ స్పీకర్లు బందు అని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నయి. చట్టం పక్కకు పెట్టినా, పక్కింట్ల పచ్చి బాలింత ఉంటది, గుండె జబ్బు తాత ఉంటడు. మన సంబురం వాళ్ల గెట్టు దాటొద్దు.

మన దిక్కు కూడా చూసుకుందాం

ఇప్పుడు కష్టమైన మాట. పెత్తనాన్ని ఎదిరించే మన పిల్లలే చానాసార్లు తమకంటే కింద ఉన్నోళ్ల మీద అదే పెత్తనం చేస్తున్నరు. పటేల్ "ఏరా" అంటే మండుతది, మండాలె. కానీ పొద్దుగాల మోరి తీసే గ్రామపంచాయతీ కార్మికురాలిని "ఏయ్, ఇటు రా" అని పిలుస్తరు. హోటల్ల టేబుల్ తుడిచే పిలగానికి చిటికేస్తరు. ఒడిశా నుంచి ఇటుకబట్టీకి, బిహార్ నుంచి వరి నాట్లకు వచ్చిన మనిషిని పేరు అడగకుంట "ఓ బిహారీ" అంటరు. మన యాసను నవ్వినోళ్ల మీద కోపమొస్తది గానీ, గోండు పిల్లగాని తెలుగును, లంబాడా పిల్ల మాటను మనమే ఎక్కిరిస్తం. మీదికెల్లి వచ్చే అవమానాన్ని కిందికి దొబ్బితే అది ఎదిరించుడు కాదు, అదే పెత్తనాన్ని ఇంకో మెట్టు దించుడు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, దీనికి పెద్ద పెద్ద ముచ్చట్లు అవసరం లేదు. ఎవలైనా పెద్దమనిషి "అయ్యా" అని పిలిస్తే, "అయ్యా అనకు తాతా, నా పేరు గిది" అని చెప్పు. మోరి తీసే అమ్మను పేరు అడుగు, "అక్కా" అను, పొద్దటి చాయ్ మీ ఇంట్ల అందరు తాగే గ్లాసులనే పొయ్యి. సంఘం ఒప్పుకునే నడవడిక అంటరు గదా, ఆ సంఘం ఎక్కడో పైన లేదు, మనమే. ఒకప్పుడు చెప్పులు చేతుల పట్టుకునుడు సంఘం ఒప్పుకున్న నడవడికే. కొందరు ఒప్పుకోకపోతేనే అది మారింది. ఇయ్యాల దేన్ని ఒప్పుకుంటమో, దేన్ని ఒప్పుకోమో రేపటి మర్యాద గదే అయితది.